కడిగినా పోని నారింజ

ఆమెకు ముక్కమ్మ అని పేరు పెట్టింది పిన్ని. కళాశాల హాజరుపట్టీలో మరో పేరు ఉండేది కాని, దానిని పట్టుకుని పిలిచేవారు లేరు. ముక్కు చిట్లించకుండా ఆ పిల్ల ఏ వస్తువునూ చూడలేదు. కాఫీ గ్లాసు అంచు చూసినా, బస్సు సీటు చూసినా, తోటి విద్యార్థిని గీసిన పూలతీగ చూసినా ముందు ముక్కు కదిలేది, ఆ తరువాతే నోరు. కన్నతల్లి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ ఉండటంతో, వస్త్రకళ చదువుకోవడానికి వచ్చి మూడేళ్లుగా పిన్ని ఇంట్లోనే ఉంటోంది. పిన్ని మిఠాయి చేసి అమ్ముతుంది. బాబాయి పోయిన తరువాత ఆ ఇంటిని నిలబెట్టిందీ, ముక్కమ్మకు పుస్తకాలు, నూలు, రంగులు కొనిపెట్టిందీ ఆ మిఠాయే.

ఇంటి నుంచి కళాశాలకు వెళ్లాలంటే అంగడి మధ్య నుంచి పోవాలి. తక్కిన విద్యార్థులు ఆ దారి తప్పించుకుని పెద్దరోడ్డు మీదుగా తిరిగి వచ్చేవారు. ముక్కమ్మ మాత్రం అంగడిలోంచే వచ్చేది. వస్తూ ప్రతిదానినీ అసహ్యించుకునేది. చేపల వరుసలో నేల మీద నిలిచిన నీళ్లు, ఆ నీళ్ల మీద తేలే నూనె పొర, మాంసం కొట్టేవాడు చేతులు తుడిచి తుడిచి అట్టకట్టించిన గుడ్డ, కూరగాయల కొట్ల వెనక ఒకదాని మీద ఒకటి పడి నీరుకారుతున్న టమాటాలు, ఆ టమాటాల మీద బూజు వేసిన గుండ్రటి బూడిదరంగు వలయాలు. అయినా నిలబడి చూసేది. ఎంత అసహ్యించుకుంటే అంతసేపు చూసేది.

ఆ చూపులోంచే ఆమె పని పుట్టింది. బూజు వలయాలు ఒక అంచుగా మారాయి. చేపలు తోమే మనిషి మోచేతికి అంటుకుని మెరిసే పొలుసులు వెండిజరీ బుటాలయ్యాయి. తక్కెడ పళ్లెం కింద పేరుకున్న మురికి గీతలు మొత్తం ఒక నేత నమూనా అయి కూర్చున్నాయి. తరగతిలో మిగిలినవాళ్లు సూర్యాస్తమయాలనూ సీతాకోకచిలుకలనూ పట్టుకు వేలాడుతూ ఉంటే, వాటిని చూసి ఆమె ముక్కు మరీ ఎక్కువగా చిట్లించేది. అందమైనదాన్ని ఎవరూ సరిగా చూడరని, చూడకముందే మెచ్చుకుని వెళ్లిపోతారని ఆమె వాదం. అసహ్యమైనదాన్ని మాత్రం, ఎక్కడ కాలు పడుతుందోనన్న భయంతోనైనా, మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తాడట.

చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒకే ఆలోచన మీద కొన్ని వస్త్రాలు తయారుచేసి బయటి నుంచి వచ్చే న్యాయనిర్ణేతల ముందు వేలాడదీయాలి. వాళ్లలో ఒక్కరిని ఎంచి, ఒక మిల్లు తన నమూనాల విభాగంలో ఉద్యోగం ఇస్తుంది. ముక్కమ్మకు ఆ ఉద్యోగం కావాలి. కావాలన్న సంగతిని ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు. అంగడిలో తిండి అమ్మగా మిగిలిన చెత్తలోంచే రంగులన్నీ తీస్తానని ప్రకటించి పనిలో దిగింది. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్కలు, టీ కొట్టువాడు పారబోసే పిప్పి, బీట్‌రూట్ చివరలు సంచులకెత్తి తెచ్చి, రంగు పట్టడానికి పటిక నీళ్లలో నానిన గుడ్డలను వాటిలో ఉడికించింది. ప్రయోగశాల అంతా కుళ్లువాసన. ఆ గదిలో పనిచేసే మిగిలినవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఆమెను తిట్టిపోసేవారు.

రంగుల పాఠం చెప్పే మేడం ఆ వస్త్రాలను వేళ్లతో పైకెత్తి, కిందకు వదిలేసింది. అన్నీ మట్టిరంగులేనంది. చూస్తే జ్వరం తగ్గి లేచినవాళ్ల మొహంలా ఉన్నాయంది. దూరం నుంచి మనిషిని రమ్మని పిలిచే రంగు ఒక్కటైనా ఉండాలని, లేకపోతే న్యాయనిర్ణేతలు ఆ వరుసలో ఆగరని తేల్చిచెప్పింది. ముక్కమ్మకు ఒళ్లు మండింది. అయినా మేడం చెప్పినది నిజమని ఆమెకూ తెలుసు.

పిలిచే రంగు ఇంట్లోనే దొరికింది.

పిన్ని మిఠాయి చేసే తీరు ఒక్కటే. పిండి, పాలపొడి, చక్కెర, కొవ్వు వెడల్పాటి మూకుడులో దగ్గరపడేదాకా కలియబెట్టి, చివరన గూట్లోని చిన్న డబ్బాలోంచి చిటికెడు పొడి వేసి, నిగనిగలాడే నారింజరంగు ముద్దను అత్తగారి నాటి చెక్క పళ్లెంలో పోసి, ఆరాక ముక్కలు కోస్తుంది. బడి గేటు ఎదుట బండి మీద ఆ ముక్కలు మధ్యాహ్నానికల్లా అయిపోతాయి. బడి వదిలాక ఆ వీధిలో నారింజరంగు నాలుకలు బయటపెట్టి ఒకరినొకరు వెక్కిరించుకునే పిల్లలే కనబడతారు. ఒక ఉదయం వేడివేడి ముక్కను చేత్తో పట్టుకోలేక, ముక్కమ్మ సంచిలోని తెల్లపట్టు ముక్కతో పట్టుకుంది. పాకం గుడ్డలోకి ఇంకింది. చిరాకుపడుతూ కుళాయి కింద ఉతికింది. చక్కెర పోయింది, జిడ్డు పోయింది, నారింజ మాత్రం పోలేదు.

ఆమె చిరాకు అక్కడికక్కడే సంతోషమైపోయింది. కొన్ని ముక్కలను వేడినీళ్లలో కరిగించి, కాస్త వెనిగర్ వేసి, పైకి తేలిన కొవ్వు తీసేసి, పట్టుగుడ్డ ముంచింది. గుడ్డ రంగునంతా పీల్చేసుకుంది, గిన్నెలో నీళ్లు తేటగా మిగిలాయి. పటిక అక్కర్లేకుండా, నానబెట్టే పని లేకుండా, నిప్పుకణికలాంటి నారింజ. ఆ పొడి ఏమిటని పిన్నిని అడిగితే, పువ్వుల పొడి అంది. ముక్కమ్మ నమ్మింది. ఏ పువ్వూ గిన్నెలో నీళ్లను అంత తేటగా వదిలిపెట్టదని, ఏ ఆకూ ఏ తొక్కా పటిక సాయం లేకుండా అంత గట్టిగా పట్టదని ఆమె మూడేళ్లుగా చదువుతూనే ఉంది. కోరిన రంగు కళ్ల ముందు ఉన్నప్పుడు చదువు గుర్తుకు రాలేదు. మేడం ఆ వస్త్రాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది. మధ్యలో ఇదే వేలాడదీయాలని, మిగిలినవన్నీ దీని పక్కవాద్యాలని మురిసిపోయింది.

ప్రదర్శనకు ముందు ప్రతి వస్త్రాన్నీ ఉతికి చూపించాలన్నది కళాశాల నియమం. రంగువేసిన ముక్కకు ఒక తెల్లటి పట్టీ కలిపి కుడతారు. ఆ పట్టీలో నూలు, ఉన్ని, పట్టు, నైలాన్ లాంటి దారాలు పక్కపక్కనే చారలుగా నేసి ఉంటాయి. రెండింటినీ వేడి సబ్బునీళ్లలో ఆడించి, వదిలిన రంగు ఏ చారను పట్టుకుందో చూస్తారు. ముక్కమ్మ తన ముక్కలన్నింటినీ అలాగే ఉతికింది. ఉల్లిపొట్టు పట్టీ మీద అంతటా మసకగా అంటింది, టీ పిప్పి కూడా అంతే. నారింజ దగ్గరకు వచ్చేసరికి నూలు చార పాలలా తెల్లగా ఉంది. దాని పక్కన ఉన్ని, పట్టు, నైలాన్ చారలు మాత్రం భగ్గుమంటున్నాయి.

అది మొదటి ఏడాది పాఠం. నూలును వదిలేసి ఉన్నినీ పట్టునూ నైలాన్‌నూ అంత స్పష్టంగా ఎంచుకునే రంగు తోటలో పుట్టదు. కర్మాగారంలో పుడుతుంది.

ముక్కమ్మ ఆ పట్టీని పిండి మళ్లీ చూసింది. మూడేళ్లుగా ప్రతి ఉదయం టీతో పాటు ఒక ముక్క తిని ఇల్లు కదిలేది ఆమె. అంగడి మొత్తాన్ని చూసి ముక్కు చిట్లించిన మనిషి, నోట్లో పెట్టుకున్నదాన్ని మాత్రం ఒక్కనాడూ చూడలేదు. నోరంతా చేదైపోయి, తొట్టి మీదకు వంగి వాంతి చేసుకుంది.

అయినా ఆమె తొందరపడి నేరం మోపలేదు. తిండిలో వాడటానికి అనుమతి ఉన్న రంగులు కొన్ని ఉన్నిని పట్టుకుంటాయని ఆమె చదివింది. పిన్ని వాడేది అలాంటిదే అయి ఉండవచ్చు. ఆ ఒక్క ఆశ మిగుల్చుకుని అంగడి మూల మీద ఉన్న రంగుల కొట్టుకు వెళ్లింది. అంగడిలో పొడిరంగులు దొరికేది అక్కడే; నూలుకు రంగు అద్దేవాళ్లు, తోలు పనివాళ్లు, కళాశాల పిల్లలు అందరూ అక్కడే కొంటారు. కొట్టాయనకు ఆమె బాగా తెలుసు. పిన్ని తీసుకుపోయే పొడి చూపించమని అడిగితే, ఆయన దాపరికం ఏమీ లేకుండా ఒక డబ్బా మూత తీశాడు. డబ్బా మీద అన్నం ముద్ద పట్టుకున్న చెయ్యి బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత, కింద ఎర్రటి అక్షరాల్లో తినడానికి పనికిరాదన్న మాట. గరిటె అందులోనే ఉంది.

"ఇదేమిటండీ, దీని మీద తినకూడదని రాసి ఉంది," అంది ముక్కమ్మ.

"ఎవరు తింటున్నారు చెల్లెమ్మా? అంత పెద్ద మూకుడుకి చిటికెడు. గుడ్డయితే పట్టుకుంటుంది గాని, పొట్టలో దారం ఉందా ఏం, అంటుకోడానికి?" అని ఆయన తన జోకుకు తానే నవ్వుకున్నాడు.

"నూలుకు అంటదండీ ఇది. ఉన్నికి అంటుతుంది. ఉన్ని ఎక్కడ మొలుస్తుందో తెలుసా? ఒంటి మీద."

ఆయన నవ్వు ఆపి, ఇంతకీ ఎంత కావాలో చెప్పమన్నాడు. కొనేవాళ్లు పెద్దవాళ్లని, ఏం చేసుకుంటారో అడగడం తన పని కాదని, చేతులు దులుపుకుని డబ్బా మూసేశాడు. చేతులు దులుపుకోవడం మాటవరసకు కాదు. నిజంగానే రెండు అరచేతులూ చరుచుకున్నాడు. నారింజ దుమ్ము గాలిలో లేచి పక్కనే తెరిచి ఉన్న పంచదార పొట్లం మీద వాలింది. ఆ పొట్లం ఆయన టీ కాచుకోవడానికి పెట్టుకున్నది.

ఆమె నేరుగా మేడం దగ్గరకు వెళ్లి పట్టీ చూపించింది. మేడం ఒక్క చూపులోనే గ్రహించింది. గ్రహించినట్టు ముఖంలో తెలిసింది కూడా. కాని ఆమె అడిగింది వేరు. వస్త్రం పక్కన పెట్టే కార్డు మీద ఏం రాశావని అడిగింది. అంగడిలో అమ్మే తిండి నుంచి తీసిన రంగు అని రాశానంది ముక్కమ్మ.

"మరి అది అబద్ధం కాదుగా? తిండిలోంచే తీశావు. ప్రకృతి రంగు అని నువ్వు ఎక్కడా రాయలేదు. వాళ్లు అనుకుంటే అది వాళ్ల ఇష్టం," అంది మేడం. తరువాత కొంచెం మెత్తబడి, ఉద్యోగం చేతికొచ్చాక నీతులు మాట్లాడుకోవచ్చని సలహా ఇచ్చింది.

అంగడిలో ముక్కమ్మ చాలా కుళ్లు చూసింది. కుళ్లిన టమాటాకు తాను కుళ్లలేదని చెప్పుకునే తెలివి లేదు. ప్రతి మాటా నిజమై, వాక్యం మొత్తం అబద్ధమయ్యేలా పేర్చగలిగేది చదువుకున్న మనుషులే. ఆ కార్డు రాసినది తన చెయ్యే. అది గుర్తుకొచ్చినప్పుడు, మేడం మీద పుట్టిన ఏవగింపు సగం తన వైపే తిరిగింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పిన్ని మూకుడు ముందు నిలబడి కలియబెడుతోంది. ముక్కమ్మ చెప్పదలచుకున్నదంతా దారిలోనే వరుసగా పేర్చుకుంది. తీరా ఎదుటపడ్డాక ఒక్క ముక్కే బయటికి వచ్చింది.

"పువ్వుల పొడి అన్నావు పిన్నీ."

పిన్ని గరిటె ఆపలేదు. "రంగుల కొట్టాయన అలాగే చెప్పి ఇచ్చాడు. మీ బాబాయి ఉన్నప్పటి మాట."

"తర్వాతైనా కొట్లో డబ్బా మీద రాసింది చూడలేదా?"

"చూశాను."

ముక్కమ్మ ఈ జవాబు ఊహించలేదు. బుకాయిస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. పిన్ని నీళ్లు నమలకుండా చూశానని చెప్పి, పొయ్యి మంట తగ్గించింది.

"వీధిలో అందరూ వేస్తారే. నేనొక్కదాన్నే మానేస్తే నా మూకుడు కడుక్కుని కూర్చోవాలి. పిల్లలు ముందు కళ్లతో తింటారు. తెల్లటి ముక్క పెడితే సబ్బుబిళ్లా అని అడుగుతారు. ఇంతమంది తిన్నారు, ఎవరైనా పోయారా?"

"పోయినవాళ్లు వచ్చి నీకు చెబుతారా? నిదానంగా చేరేది నిదానంగానే చెడగొడుతుంది."

"నీకు చేరలేదా? మూడేళ్లు తిన్నావుగా, దుక్కలా ఉన్నావు." పిన్ని గొంతు అప్పుడు గట్టిపడింది. "ఏమే, చేపల మురికి చూసి బొమ్మ గీస్తావు, బూజు చూసి బొమ్మ గీస్తావు. ఊళ్లో మరకలన్నీ నీకు ముద్దే. నా మరక ఒక్కటే బరువైందా? నీ నూలూ రంగులూ ఈ మూకుడులోంచే వచ్చాయి. రేపు ప్రదర్శనలో అందరి ముందూ నా పేరు చెప్పి వస్తావా?"

పిన్ని అడిగినది న్యాయమైన ప్రశ్నే. బడి గేటు దగ్గర నాలుకలు చాపే పిల్లల పక్షాన అడగవలసిన ప్రశ్న కూడా న్యాయమైనదే. రెండూ ఒకే వంటింట్లో ఇమడటం లేదు. మూకుడులోని నారింజ ముద్ద బుడగలు వేస్తూ, పగులుతూ, మళ్లీ ఉబుకుతోంది. ఆ వాసనకు ఇక అక్కడ నిలబడలేక ఆమె అన్నం తినకుండానే వెళ్లి పడుకుంది.

ప్రదర్శన రోజున న్యాయనిర్ణేతలు వచ్చేసరికి ముక్కమ్మ వరుసలో మధ్యనున్న కర్ర ఖాళీగా ఉంది. దాని ఇరువైపులా మట్టిరంగు వస్త్రాలు, ఒక పన్ను ఊడిన పలువరుసలా ఉన్నాయి. నారింజ వస్త్రాన్ని ఆమె ఉదయాన్నే దించేసి, మడిచి, బల్ల కింద పెట్టేసింది. కార్డు చింపేసింది. మేడం దూరం నుంచే అది చూసి కళ్లెర్రజేసింది గాని, బయటివాళ్ల ముందు నవ్వు చెదరనివ్వలేదు.

వచ్చినవారిలో మిల్లు తరఫున ఒక పెద్దావిడ ఉంది. కళ్లజోడు గొలుసుకు వేలాడుతోంది. ఆమె బూజు వలయాల అంచును చాలాసేపు చూసి, ఇది దేన్ని చూసి గీశావని అడిగింది. కుళ్లిన టమాటా అని ముక్కమ్మ చెప్పగానే చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, తరువాత చిన్నగా నవ్వింది. ఖాళీ కర్ర సంగతి అడిగింది. అక్కడ ఉండవలసిన వస్త్రం రంగు తాను అనుకున్నది కాదని తేలిందని, అందుకే తీసేశానని ముక్కమ్మ జవాబిచ్చింది. అక్కడితో ఆగి ఉండవచ్చు. మేడం కళ్లు ఆగమంటున్నాయి కూడా. కాని పెద్దావిడ చూపించమంది. చూపించాక పట్టీ కూడా అడిగి తీసుకుని, వెలుతురుకు ఎత్తిపట్టింది. ఆ పనిలో తలపండిన మనిషి.

"ఇది తిండిలోంచి వచ్చిందా?"

"అవునండీ. మిఠాయిలోంచి."

"ఏ కొట్టు మిఠాయి?"

ఆ గదిలో అందరూ ఆమె మాట కోసమే నిలబడినట్టు అనిపించింది. పిన్ని పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెప్పేస్తే తాను పూర్తిగా పరిశుభ్రంగా బయటపడుతుంది. తన చేతులు కూడా రంగుల కొట్టాయన చేతుల్లా దులుపుకున్నట్టవుతుంది. ఆ తలంపుకే ఆమెకు రోత పుట్టింది.

"మా ఇంటి మిఠాయండీ," అంది. "మేమే చేస్తాం, మేమే అమ్ముతాం. నేనూ తిన్నాను."

ఒక న్యాయనిర్ణేత గొంతు సవరించుకుని పక్క వరుసలోకి నడిచాడు. అక్కడ సీతాకోకచిలుకలు ఉన్నాయి. పెద్దావిడ పట్టీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మంచిది అని మాత్రం అని కదిలింది. మధ్యాహ్నానికి ఫలితం తెలిసింది. ఉద్యోగం సీతాకోకచిలుకలకు వెళ్లింది. ఆ రెక్కల మీద నీలం, పసుపు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు. అవి కూడా అదే కొట్టులో, అదే గరిటెతో తీసినవే. గుడ్డకు అది తప్పు కాదు. అయినా ఆ చప్పట్లు వింటూ ఉంటే ముక్కమ్మకు, జిడ్డుచేతులు ఎవరో తన బట్టలకు తుడిచినట్టనిపించింది.

కబురు ఆమె కంటే ముందే అంగడికి చేరింది. మేడం అంగడిలో ఎవరితోనో అన్నదో, సీతాకోకచిలుకల పిల్ల అన్నదో తెలియదు. ఇంటికి వెళ్లేసరికి పిన్ని మూకుడు బోర్లించి ఉంది. ఆ రాత్రి పిన్ని కంచం పెట్టింది, నీళ్లు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. తన పేరు చెప్పలేదన్న సంగతి ఆమెకు తెలిసిందో లేదో కూడా ముక్కమ్మ కనుక్కోలేకపోయింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. తప్పు చేశానని అనిపిస్తే గదా అడగడానికి.

తెల్లవారి లేచేసరికి వంటింట్లో అలికిడి. పిన్ని పిండి వేయించి, పాకం పట్టి, ముద్దను చెక్క పళ్లెంలోకి పోసింది. ముద్ద పాలమీగడ రంగులో ఉంది. పొడి డబ్బా గూట్లో లేదు. ముక్కమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మాట్లాడితే చెడుతుందేమోనని భయమేసింది. ముద్ద ఆరేదాకా ఇద్దరూ చెరో పక్క కూర్చుని పళ్లెం వంకే చూశారు. చివరకు పిన్ని కత్తి తీసుకుని ముక్కలు కోసి, ఒకటి పైకి లేపింది.

అడుగున నారింజ చారలు. చెక్క పోగులు ఎలా పోతాయో అలాగే, సన్నగా, దట్టంగా, ముక్క అడుగంతా అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

"నేనేం కలపలేదే," అంది పిన్ని. నిన్నటి నుంచి ఆమె ఆడిన మొదటి మాట అది. "ఒట్టి పాకం పోశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"చెక్క తాగింది పిన్నీ. ఇన్నేళ్లూ నువ్వు పోసింది తాగింది. ఇప్పుడు కక్కుతోంది."

పిన్ని ఇంకొక ముక్క తిప్పి చూసింది. ఇంకొకటి. పళ్లెం నిండా ఉన్న ముక్కలన్నిటినీ వరసగా వెల్లకిలా వేసింది. పై సగం తెల్లగా, శుభ్రంగా ఉంది. అడుగు కోసి పారేస్తే మిగిలినది అమ్ముకోవచ్చు. ఆ లెక్క పిన్ని కళ్లలో కదలడం ముక్కమ్మ చూసింది. కత్తి మొన ఒక ముక్క నడుము మీద ఆగి ఉంది. ముక్కమ్మ చెయ్యి చాచలేదు. ఆ ముక్కను తాను లాక్కుంటే అది తన పట్టుదలే అవుతుంది. పిన్ని మానేసినట్టు కాదు.

పిన్ని కత్తి పక్కన పెట్టింది. వేలితో అడుగు చారను గీకి, ఆ వేలిని దీపం దగ్గరకు తెచ్చి చూసుకుంది.

"థూ," అంది. "ఇదా మనం తిన్నది."

పళ్లెం రెండు చేతులా ఎత్తి, ముక్కలతో సహా తీసుకెళ్లి వీధిలోని చెత్తకుండీలో బోర్లించింది. పళ్లెం చేతిలో మిగిలింది. ఒక్క క్షణం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అదీ లోపలే పడేసింది. లోపలికి వచ్చి చేతులు కడుక్కుంటూ, ఇనుప పళ్లెమైతే రంగు తాగదా అని అడిగింది. తాగదంది ముక్కమ్మ.

"అయితే చెప్పులేసుకో. నువ్వే చూసి కొను. ఆ కొట్లవాళ్లను నేనింక నమ్మను."

ఇద్దరూ అంగడిలోకి నడిచారు. చేపల వరుసలో రాత్రి నీళ్లు ఇంకా అలాగే నిలిచి ఉన్నాయి. పాత్రల కొట్టు తెరవలేదు. మూసిన తలుపు ముందు నిలబడి ఎదురుచూశారు. ఎదురుగా మిఠాయి అమ్మే ఇంకొకామె తన బండి మీద గుడ్డ తీసి, నిప్పులాంటి నారింజ ముక్కలను గోపురంలా పేరుస్తోంది. పేర్చుతూ పిన్ని వంక చూసి, ఈ రోజు మీ బండి రాలేదేమని పలకరించింది.

"రేపొస్తుంది," అంది పిన్ని. "రంగు లేకుండా."

ఆమె పకపకా నవ్వింది. పిన్ని నవ్వలేదు.